ఎమ్మిగనూరు లాగ్ ఎవరికి పోయేది

కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, మీ సర్వీసులో మీకు ఎదురైన పెద్ద సమస్య ఏది సార్ అని అడుగుతారు. సర్వరు కాలిపోయిన సంగతో, వైరస్ వచ్చి ఫైళ్లన్నీ మాయమైన సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం ఎమ్మిగనూరులో రిసెప్షన్ బల్ల దగ్గర టోకెన్లు ఇచ్చే ఒకావిడ గురించి మొదలుపెడతాను. సగం విన్నాక వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. మీరు చదువుతున్నారు కాబట్టి మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు. అందుకే ఈసారి పూర్తిగా చెబుతాను.

నేను పనిచేసింది ఆదోనిలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో. పేరు అక్కరలేదు. కంప్యూటర్ సెక్షన్ అంటే మెట్ల కింద ఒక గది. పత్తి సీజన్లో జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది కిటికీ జాలీకి అంటుకుని ఉండేది. కంప్యూటర్ల మీద దుమ్ము తుడవడం కంటే దూది తీయడమే మాకు ఎక్కువ పనిగా ఉండేది. ఆ గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ సార్.

సార్ అంటే నా పైఅధికారి. మంత్రాలయం దగ్గరి పల్లె మనిషి. వాళ్ల నాన్నగారు గుడి సేవలో ఉండేవారట. పొద్దున స్నానం, పూజ అయితే గానీ సార్ మంచినీళ్లు కూడా ముట్టడు. ఆసుపత్రిలో ఆయన చేరేనాటికి కంప్యూటర్లు లేవు, అన్నీ రిజిస్టర్లే. రోజూ ఆఫీసుకు రాగానే కుర్చీలో కూర్చోకుండా, నిలబడే నిన్నటి రిజిస్టరు మొత్తం చదివేవాడు. కట్టు మార్చుకోవడానికి రావాల్సిన మనిషి రాకపోతే ఊరుకునేవాడు కాదు. ఆ ఊరి వాళ్లు ఎవరైనా వరండాలో కనిపిస్తే పిలిచి, ఫలానా ఆయన రాలేదు, రమ్మన్నానని చెప్పండి అని కబురు పంపేవాడు. బస్సు కండక్టర్ల చేత కూడా పంపేవాడు. అలా కబురందుకుని వచ్చి కాలు నిలబెట్టుకున్నవాళ్లు ఉన్నారు. నాకు పని నేర్పింది ఆయనే. కంప్యూటరు పని కాదు, అది నేనే ఆయనకు నేర్పాను. తెరమీద కనిపించే ప్రతి వరుస వెనకా ఒక మనిషి ఉంటాడని ఆయన నేర్పాడు.

సార్ రిటైరై ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. శాలువా కప్పాం, దండ వేశాం, ఆయన తాళం చెవులు తీసుకున్నాం, ఆయన లాగిన్ నేనే మూసేశాను. ఆ సాయంత్రం బస్టాండు దాకా ఆయన సంచి మోసుకుని వెళ్లి, తిరిగొచ్చాక మెట్ల కింద గదిలో కాసేపు ఏడ్చాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

తర్వాత రెండేళ్లకు ఎమ్మిగనూరులో మా ఆసుపత్రికి శాఖ తెరిచారు. ఇక్కడ మా మేనేజరు గురించి ఒక మాట చెప్పాలి. మంచి మనిషి, కానీ సెంటిమెంటు ఎక్కువ. ఆదోని కంప్యూటర్లను క్లౌడుకు మార్చింది ఒక గురువారం, కొబ్బరికాయ కొట్టి మరీ. క్లౌడంటే పెద్ద మర్మమేమీ లేదు, ఎక్కడో ఉన్న కంపెనీవాళ్ల కంప్యూటర్లను మనం ఇక్కడి నుంచి వాడుకోవడమే. అది మొదలైనప్పటి నుంచి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అందుకని ఎమ్మిగనూరుకు కొత్తగా ఏదీ పెట్టొద్దు, ఆదోనిలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా దించేయమని మేనేజరు పట్టుబట్టాడు. కొత్త కాపురం పెట్టిన కూతురింటికి తల్లి తోడుపెరుగు పంపినట్టన్నమాట. నాకూ అది సుఖంగానే తోచింది. పైగా ఎమ్మిగనూరులో ఎవరైనా తెలియక ఏదైనా మారిస్తే ఇబ్బందని, ఒక చిన్న ప్రోగ్రాము కూడా రాశాను. అది రోజూ పొద్దున ఆరుగంటలకు నిద్రలేచి, ఎమ్మిగనూరు సెట్టింగులను ఆదోని మూలం ఫైలుతో పోల్చి చూస్తుంది. తేడా ఉంటే మూలంలో ఉన్నట్టే సరిచేస్తుంది. రాసినప్పుడు నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. ఆ తర్వాత దాన్ని పూర్తిగా మరచిపోయాను.

ఎమ్మిగనూరు శాఖలో రిసెప్షన్‌కు ఒకావిడ చేరింది. కూలికి పోయే కుటుంబంలోంచి వచ్చి, క్రైస్తవ మిషనరీల స్కూల్లో చదువుకుని, ఆ ఇంట్లో బల్ల ముందు కూర్చుని జీతం తీసుకున్న మొదటి మనిషి. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు కట్టుకునే తెల్ల చీరకు ఎంత గంజి ఉంటుందో, రోజూ ఆసుపత్రికి కట్టుకొచ్చే చీరకూ అంతే గంజి ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు. శాఖ తెరిచిన కొత్తలో, పరీక్ష రిపోర్టులు తీసుకోకుండా వదిలేసేవాళ్లు ఆదోనిలో చాలామంది, ఎమ్మిగనూరులో మాత్రం బాగా తక్కువ అని మేనేజరు ఒక మీటింగులో ఆమెను మెచ్చుకున్నాడు. ఆమె తలొంచుకుని, నేనేమీ ప్రత్యేకంగా చేయడంలేదండీ అంది. అణకువ అనుకున్నాం. అక్షరాలా నిజం చెబుతోందని ఎవరికీ తట్టలేదు.

ఒక బుధవారం, ఓపీ నిండుగా ఉన్న సమయంలో, ఒక మనిషి ఎమ్మిగనూరు ఆసుపత్రికి వచ్చి ఆమె మీద గట్టిగా కేకలు వేశాడు. దగ్గరి పల్లెలో కూలిపని చేసే ఆయన. ఆయన భార్యకు దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష చేయించారు. రిపోర్టు ఇంకా వాళ్లు తీసుకోనేలేదు. ఈలోగా ముందురోజు పొద్దున బస్టాండు దగ్గర పత్తి తీతకు పోయే ముఠా అంతా ఆటో కోసం నిలబడి ఉంటే, ఎవరో పెద్దాయన వచ్చి, ఫలానా ఆమె భర్తవు నువ్వేనా, రిపోర్టు వచ్చి మూడురోజులైంది, ఆలస్యం చేయొద్దు, ఆరునెలలు మందులు మింగితే పోయే జబ్బే అని అందరి ముందూ చెప్పాడట. ఆ రోజు ముఠావాళ్లు ఆమెను తమ బిందెలో నీళ్లు తాగనివ్వలేదు. రిపోర్టు చూసింది బల్ల దగ్గరున్న ఆమె ఒక్కతే కాబట్టి, ఊరంతా చాటింది ఆమేనని ఆ భర్త తీర్మానించుకున్నాడు. టోకెన్లు పట్టుకుని నిలబడినవాళ్లంతా విన్నారు.

సంగతి ఆదోనిలో పెద్ద డాక్టరమ్మకు చేరింది. ఆసుపత్రి బాగోగులన్నీ చూసేది ఆవిడే. రోగి గుట్టు బయటపెట్టినవాళ్లకు తన ఆసుపత్రిలో చోటు లేదని ఆవిడ నియమం, అందులో తప్పేమీ లేదు. సోమవారం తేలుస్తాను, అప్పటిదాకా కంప్యూటర్లో ఎవరు ఏం చూశారో వెతికిపెట్టండని నాకు చెప్పింది. తేలకపోతే రిసెప్షన్‌లో ఉన్న ఆమె రాజీనామా రాసివ్వాలి.

గురువారం పొద్దున ఆమె నాకు ఫోను చేసింది.

"సార్, నా నోట్లోంచి ఆ మాట రాలేదు. రిపోర్టు కవర్లో పెట్టి అంటించినాను, అంతే. మీరు పెద్దోళ్లు, మీరు నమ్మండి."

చూస్తున్నామమ్మా అన్నాను. నిజం చెప్పాలంటే నేను ఆమెను నమ్మలేదు. చిన్న ఊరు, పక్కింటివాళ్లో, చర్చిలోవాళ్లో అడిగితే నోరు జారి ఉంటుంది, పాపం అనుకున్నాను. ఆ పాపం అనుకోవడంలోనే తీర్పు ఇచ్చేశాను. బస్టాండులో అడిగిన ఆ పెద్దాయన ఎట్లా ఉంటాడని ఆ భర్తను ఒక్క మాట అడిగి ఉంటే ఆరోజే తేలిపోయేది. కంప్యూటర్లో దొరుకుతుందనే ధీమాలో మనుషులను అడగడం మానేశాను. మీరు ఈ పనిలో ఉన్నవాళ్లయితే ఈ ఒక్క వాక్యం కింద గీత పెట్టుకోండి.

కంప్యూటర్లో వెతికాను. ఆమె ఆ రిపోర్టును ఒకే ఒక్కసారి తెరిచింది, ఒక్కసారి ప్రింటు తీసింది. ఒక్కసారి చూసినా చాలు కదా చెప్పడానికి అనుకున్నాను. ఇంకా ఏమైనా దొరుకుతుందేమోనని లాగ్ సెట్టింగుల పేజీ తెరిచాను. లాగ్ అంటే కంప్యూటరు తాను చేసిన పనులన్నీ వరుసగా రాసుకునే చిట్టా. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏది తెరిచారు, అన్నీ అందులో ఉంటాయి. మాకు ప్రోగ్రాము రాసిచ్చినవాళ్లు అందులో రోగి పేరు, ఊరు, పరీక్ష పేరు, ఫలితం, రిపోర్టు తీసుకున్నారా లేదా అన్నది కూడా పడేటట్టు చేశారు. అలా రాయకూడదని ఈరోజు ఏ పిల్లవాడినడిగినా చెబుతాడు. అప్పుడు మాకది సౌకర్యంగా అనిపించింది.

ఆ పేజీలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ఎమ్మిగనూరు లాగ్ మొత్తం రోజూ బయటికి ఎక్కడికో పోతోంది. ఎక్కడికి అన్నచోట పొడుగాటి అంకెల పేరు తప్ప మరేమీ లేదు. ఎవడో దొంగ లోపలికి దూరాడని తేల్చుకున్నాను. అలా బయటికి పంపించే ఆ వరుసను తీసేసి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాను.

శుక్రవారం పొద్దున చూస్తే అది మళ్లీ అక్కడే ఉంది.

మళ్లీ తీసేశాను. ఈసారి దొంగకు దారి లేకుండా చేద్దామని ఆసుపత్రిలో అందరి పాస్‌వర్డులూ మార్చేశాను. మార్చిన సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయాను. పది గంటలకు ఓపీ మధ్యలో పెద్ద డాక్టరమ్మకే కంప్యూటరు తెరుచుకోలేదు. మందుల కౌంటరాయన కాగితాల మీద చేత్తో రాసిచ్చాడు. మేనేజరు మెట్ల కిందికి వంగి నా గదిలోకి ఒకసారి చూసి పోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం పొద్దున మళ్లీ తిరిగొచ్చింది. క్లౌడు కంపెనీ సహాయం లైనుకు ఫోను చేశాను. ఎవరో అమ్మాయి, ఎంతో మర్యాదగా, ఆ మార్పు మీ అకౌంటు నుంచే జరుగుతోంది సార్ అని మూడుసార్లు చెప్పింది. నా పాస్‌వర్డు ఎవరో దొంగిలించారని నేను మూడుసార్లూ వాదించాను. ఆ అమ్మాయి ఓపికకు ఈనాటికీ దండం పెడుతున్నాను.

ఆదివారం పొద్దున అయిదున్నరకే పోయి గదిలో కూర్చున్నాను. అందరి లాగిన్లూ ఆపేసి, నాది ఒక్కటే ఉంచాను. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తెర వైపే చూస్తున్నాను. సరిగ్గా ఆరుకు, తీసేసిన వరుస మళ్లీ వచ్చి కూర్చుంది. మార్చినవారు ఎవరు అన్నచోట చూశాను. నా పేరుంది. నా రెండు చేతులూ గ్లాసు మీదే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, ఆరుగంటలకు నిద్రలేచే నా ముద్దుల ప్రోగ్రాము. నాలుగురోజులుగా నేను దొంగను తరుముతుంటే, అది నమ్మకంగా నా మాటే నిలబెడుతోంది. నేను ఎమ్మిగనూరులో తీసేస్తున్నాను, మూలం ఫైల్లో తీయడంలేదు. మూలం ఫైలు తెరిచాను. ఆ వరుస అక్కడుంది. క్లౌడు పేజీలో పొడుగాటి అంకెలుగా కనిపించిన చోట ఇక్కడ అసలు మెయిలు అడ్రసు ఉంది, దాని కింద నేనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో రాసుకున్న గుర్తు ఉంది. 'సార్‌కు రోజూ పొద్దున' అని.

ఆదోనిలో క్లౌడుకు మారిన వారం సార్ నాతో, ఆ కంప్యూటరు యాడుందో మనకు తెల్దు, అది నిన్న ఏం చేసిందో పొద్దున్నే నాకు పంపిచ్చు, రిజిస్టరు మాదిరి సదువుకుంటా అన్నాడు. అప్పుడు పెట్టింది. ఆయన రిటైరైనప్పుడు తాళం చెవులు తీసుకున్నాను, లాగిన్ మూశాను, దీన్ని మూయలేదు. పైగా ఎమ్మిగనూరుకు ఉన్నది ఉన్నట్టు దించినప్పుడు, ఆయన ఊరి రోగులందరినీ ఆయన మెయిల్లోకి నేనే మళ్లించాను. తల కొట్టేసినట్టయింది. బస్టాండులో నిలబడ్డ ముఠాను ఆపి, ఫలానా ఆమె భర్త ఎవరని అడిగే మనిషి ఈ తాలూకాలోనే ఒక్కడు. ఆయన గొంతు నాకు చెవిలో వినిపించింది.

మొదటి బస్సుకే ఎమ్మిగనూరు పోయాను. ఆ గంట ప్రయాణంలో రిపోర్టు మనసులోనే రాసుకున్నాను. క్లౌడు కంపెనీ సాంకేతిక లోపం వల్ల సమాచారం బయటికి వెళ్లింది, లోపం సరిచేయబడింది అని. అందులో ఏ మనిషి పేరూ రాదు. సార్ పరువు నిలబడుతుంది, ఎనిమిది నెలల్లో నేనూ మచ్చ లేకుండా రిటైరవుతాను. బస్సు దిగేసరికి అది దాదాపు నిజమేననిపించింది.

సార్ ఇల్లు నేతగాళ్ల వీధి చివర ఉంటుంది. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. అమ్మగారిని, అంటే వాళ్లావిడను, పిలిచి బొరుగులతో ఉగ్గాని చేయమన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోపలికి పోయి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చాడు. అందులో రోజువారీ పేర్లు, ఊళ్లు, పక్కన టిక్కులు. రిపోర్టు తీసుకోనివాళ్ల పేర్ల చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. మోపెడ్ మీద పోయి చెప్పి వచ్చాక సున్నా మీద గీత కొట్టేవాడు. మీటింగులో మేనేజరు మెచ్చుకున్న పని ఎవరు చేశారో అప్పుడు తెలిసింది.

"నిన్నటిది కూడా వచ్చిందప్పా, సదివినా. రిటైరయినాక కూడా మీరు నాకు పంపిస్తాండారు. నన్ను ఇంగా మరిచిపోలేదనుకుంటిని."

ఆ మాట విన్నాక చెప్పవలసింది చెప్పడం నా సర్వీసులోకెల్లా కష్టమైన పని. చెప్పాను. కూలీ ముఠా, నీళ్ల బిందె, రిసెప్షన్‌లో ఆమె మీద పడిన కేకలు, సోమవారం గడువు, ఆరుగంటల ప్రోగ్రాము, అన్నీ. ఆయన నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆరోజుల్లో కబురు పంపితే మొక్కేవాళ్లు, ఇప్పుడు ఇట్లయింది అని మెల్లగా అన్నాడు. ఆరోజుల్లో కూడా కొందరు నొచ్చుకునే ఉంటారు, మాకు చెప్పి ఉండరు అని నాకనిపించింది, కానీ అనలేకపోయాను. తర్వాత ఆయన అడిగింది తన గురించి కాదు. ఆ పాప ఉద్యోగం ఏమయితాది అని అడిగాడు.

నేను సణుగుతూ, రిపోర్టు ఒకటి రాద్దామనుకుంటున్నా సార్ అన్నాను. పాతికేళ్లు పక్కన కూర్చున్న మనిషి కదా, నా ముఖంలోనే చదివేశాడు.

"కంపెనీ తప్పని రాద్దామనుకుంటాండావా? కంప్యూటరు మిషన్ బస్టాండుకొచ్చి మాట్లాడదప్పా. మాట్లాడింది మనిషని అందరికీ తెలుసు. ఆ మనిషి ఎవురో నువ్వు సెప్పకపోతే, ఆ పాపే అనుకుంటారు, సచ్చేదాకా. నా పేరు సెప్పు. నీ పేరు కూడా సెప్పు."

ఉగ్గాని చల్లారిపోయింది. అమ్మగారు మళ్లీ వేడిచేస్తానన్నారు. సార్ నన్ను లాప్‌టాప్ తెరవమన్నాడు, నా ముందరే తీసెయ్ అన్నాడు. మూలం ఫైలు తెరిచి, ఆ వరుసనూ, కింద నా గుర్తునూ చెరిపేశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వంగి, పూర్తిగా పోయిందా అని రెండుసార్లు అడిగాడు. తన మెయిల్లో పాతవి కూడా ఒక్కటి మిగలకుండా తీయించాడు. ఆ నోటుబుక్కును చింపి అమ్మగారి చేత నీళ్ల పొయ్యిలో వేయించాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి ఆయన ఎదుటే.

సోమవారం డాక్టరమ్మ గదిలో మేనేజరు, రిసెప్షనిస్టు, కేకలు వేసిన ఆ భర్త, నేను ఉన్నాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో మేనేజరు నన్ను ఆపి, అక్షరం మార్చొద్దన్నది నేనే కదా, అది కూడా రాసుకోండి అని డాక్టరమ్మతో అన్నాడు. సెంటిమెంటు మనిషి అని అన్నందుకు అప్పుడు లోలోపల క్షమాపణ చెప్పుకున్నాను. డాక్టరమ్మ నాకు మెమో ఇచ్చింది. లాగ్‌లో పేర్లు, ఫలితాలు పడకుండా ఆ వారంలోనే మార్పించమంది. నా సర్వీసు మొత్తంలో వచ్చిన మెమో అదొక్కటే. ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఆ భర్త తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. డాక్టరమ్మ ఇక వెళ్లొచ్చన్నా లేవలేదు.

"ఈ యమ్మను అందరి ముందర అన్న్యాను సార్. ఈడ గదిలో తప్పయిందంటే సరిపోదు. యాడ అన్న్యానో ఆడనే సెప్పల్ల."

అదే రోజు సార్ తన మోపెడ్ మీద వాళ్ల పల్లెకు పోయాడు. నేను చెప్పలేదు, ఆయనే పోయాడు. గుడిసె బయట నిలబడి ఆ ఇల్లాలిని క్షమించమని అడిగాడట. తర్వాత నాకు ఫోనులో చెప్పాడు, ఆమె మంచం వాల్చి కూర్చోమందట. మందులు మొదలుపెట్టిందట. ముఠావాళ్లు ఇంకా ఎడంగానే ఉంటున్నారట. సార్ వెళ్లొస్తానని లేస్తుంటే ఆమె, "అడగొద్దని కాదు సార్. అడుగు, అయితే ఇంట్లోకొచ్చి అడుగు" అందట. ఆ మాట సార్ నాకు రెండుసార్లు చెప్పాడు. ఆరునెలలూ నెలకొకసారి పోయి, ఇంట్లోకి వెళ్లే అడిగాడు. ముఠాలో ఆమెను మునుపటిలా కలుపుకోవడానికి అంతకంటే ఎక్కువకాలమే పట్టింది. మేం చెరిపిన వరుసతో అది చెరగలేదు.

మంగళవారం ఓపీ వేళకు నేను ఎమ్మిగనూరులో ఉన్నాను. బుధవారం లాగే జనం నిండుగా ఉన్నారు. ఆ భర్త పనికి పోకుండా వచ్చాడు. బల్ల ముందుకు వచ్చి, వెనక్కి తిరిగి జనం వైపు నిలబడి, ఆరోజు నేను ఈయమ్మను అన్న్యాను, ఈయమ్మ ఏ మాటా సెప్పలేదు, తప్పు నాది అని అన్నాడు. గొంతు పెద్దది, వరండా చివరిదాకా వినిపించింది. తర్వాత నా వంతు. బస్సులో అంతా సిద్ధం చేసుకున్నాను. తప్పు కంప్యూటర్లో నేను చేశాను అనేంతవరకు వచ్చింది, మిగతాదంతా మరిచిపోయాను. ముందు వరుసలో ఒక ముసలమ్మ, ఏమయిందంట అని పక్కామెను అడుగుతోంది.

రిసెప్షనిస్టు నావైపు చూసి, చాలు సార్, టోకెన్లు ఆలస్యమైతాండాయి అంది. తర్వాతి నంబరు పిలిచింది. నేను పక్కకు తప్పుకున్నాను.

ఒంటిగంటకు ఓపీ అయిపోయాక, బల్ల తుడిచి, పెన్నులు సర్ది, తాళం వేస్తున్నప్పుడు దగ్గరికి పోయాను. నన్ను క్షమించమ్మా అన్నాను. ఆమెకు కోపం లేదు, అది నాకు ఇంకా కష్టంగా ఉంది. మీరు సెప్పకపోయింటే నా ఉద్యోగం పోతా ఉండె, మీకు రుణపడి ఉంటా సార్ అంది. గేటు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆగింది.

"ఒక్క మాట సార్. ఆరోజు ఫోన్లో నేను సెప్పినా. అదే మాట ఆదివారం మిషన్ సెప్పింది. మిషన్ సెప్తే నమ్మినారు."

ఎదురుగా ఆదోని బస్సు వచ్చి ఆగింది. ఆమె నా సంచి అందుకుని ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూపించింది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.